నాలుగు వందల కాగితం

పైపు మూతికి ఏదో అడ్డం పడిందని బుడేన్ సాహెబ్‌కు చూడకుండానే తెలిసింది. అంతదాకా అరచేతుల కింద గుటకలు వేస్తూ కదులుతున్న పైపు ఒక్కసారిగా కొయ్యబారింది. ట్యాంకర్ మీది మోటారు మాత్రం ఊరికే అరుస్తోంది. ఆయన చెయ్యెత్తాడు. డ్రైవరు రాజలింగం మోటారు ఆపాడు. బుడేన్ సాహెబ్ పైపును బారెడు పైకి లాగి, మూతిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, ఎవరిదో చిరిగిన బనీను పీకి ఇసుకలోకి విసిరేశాడు. మళ్ళీ పైపు దించి మళ్ళీ చెయ్యెత్తాడు. మోటారు మళ్ళీ మొదలైంది. ఇది రోజూ జరిగేదే.

దుబాయ్‌లో, అల్ కుసైస్‌లోని ఆ క్యాంపులకు మురుగు కాలువలు లేవు. రేకుల షెడ్లలో వందల మంది కూలీలు, షెడ్ల వెనక వరసగా దొడ్లు, దొడ్ల వెనక సిమెంటు మూత వేసిన గుంత. గుంత నిండితే ట్యాంకర్ల కంపెనీకి ఫోను చేస్తారు. నిండగానే చేస్తారనుకునేరు, పొంగి తలుపుల కిందికి వచ్చాక చేస్తారు. ముందే చేస్తే డబ్బు దండగ అని క్యాంపు పెద్దల తెలివి. అప్పుడు పచ్చరంగు ట్యాంకర్ వస్తుంది. మేడలు కట్టేవాళ్ళు, రేవులు తవ్వేవాళ్ళు, అందరి కడుపుల్లోంచి వచ్చింది చివరికి ఒక మనిషి చేతుల మీదుగా పోవాలి. ఆ మనిషి బుడేన్ సాహెబ్. ముక్కు మూసుకోకుండా చెప్పడం కష్టమే, కానీ కథంతా ఆ కంపులోనే జరిగింది. ఏం చేస్తాం.

ఆయనది రాయచోటి. తాతల నాటి నుంచీ దూదేకుడు వృత్తి. వింటినారి మీద దూది ఎగురుతుంటే ఇల్లంతా తెల్లటి పొగలా ఉండేది. గడ్డంలో, కనుబొమల్లో, అన్నంలో దూదే. రబ్బరు పరుపులు వచ్చి దూది పరుపుల నోట్లో మట్టి కొట్టాక, ఒక ఏజెంటు తోటమాలి వీసా అని చెప్పి అప్పు చేయించి పంపాడు. చెట్లకు నీళ్ళు పోసే పనేగా అనుకున్నాడు. మొదటిరోజు పచ్చ ట్యాంకర్‌ను చూసి సంబరపడ్డాడు కూడా, తోటకు నీళ్ళు తెచ్చే బండి అనుకుని. ఆ మాట రాజలింగానికి చెప్పినప్పుడల్లా ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవారు. నవ్వక ఏడుస్తారా?

పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, ముందరి పన్ను ఒకటి ఊడిన సందు, ఎండకు కమిలిన మెడ. చేతులు మాత్రం ఆ ఒంటికి చెందినవి కాదన్నట్టుండేవి. వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిపోయి, తెల్లగా, ముడతలు పడి ఉండేవి. గోళ్ళ చుట్టూ మానని పుళ్ళు. సబ్బు అరిగిపోయేదాకా రుద్దినా ఆయనకు ఆ చేతుల మీద నమ్మకం కుదరలేదు. క్యాంపులో అందరూ పళ్ళెం ముందు కూర్చుని చేత్తో కలుపుకుని తింటుంటే, ఈయన గోడవైపు తిరిగి చెంచాతో తినేవాడు. రాగి సంగటి ముద్దను గోంగూరలో ముంచి మింగిన మనిషి, ఏడేళ్ళుగా ఇనప చెంచా నాకుతున్నాడు. సెలవు మీద ఊరికి పోయినప్పుడు కూడా చెంచా అడిగితే భార్య గుల్జార్ బేగం చెంచా ఇవ్వలేదు. తానే కలిపి, ఉన్న నెల రోజులూ ముద్దలు నోట్లో పెట్టింది. పిల్లలు నవ్వితే నవ్వనీ అంది.

ఆ పిల్లల్లో పెద్దది మహబూబున్నీసా. కడపలో బియ్యస్సీ రెండో ఏడు. ఆ వంశంలో పదో తరగతి దాటిన మనిషి, ఆడగానీ మగగానీ, ఆ పిల్ల ఒక్కతే. సర్కారు స్కాలర్‌షిప్పుతో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇప్పుడు ఆ స్కాలర్‌షిప్పుకే ముప్పు వచ్చింది.

ఆ సంగతి క్యాసెట్టులో వచ్చింది. రాయడం చదవడం రాని మనుషులకు అప్పుడు క్యాసెట్టే ఉత్తరం. ట్యాంకర్ క్యాబిన్‌లో రాజలింగం బిగించుకున్న టేపురికార్డరులో పెట్టుకుని ఇద్దరూ విన్నారు. మొదట కోడిపెట్ట అరుపు, తర్వాత గొంతు సవరించుకోవడం, తర్వాత కూతురి గొంతు.

"అబ్బా, నేను మహబూబున్నీసాని. అందరం బాగుండాం. ఒక సంగతి చెప్పాల. పోయినేడు అమ్మ తాసీల్దారు కాడ తెచ్చిన కాగితంతో సరిపోయింది. ఈ ఏడు ఎవురో ఆకాశరామన్న అర్జీ రాసినారు. ఈ పిల్ల నాయన దుబాయ్‌లో ఉండాడు, ఈమెకు సర్కారు సొమ్మెందుకని. ఆఫీసులో సార్ ఏమన్నాడంటే, తండ్రి పరాయి దేశంలో ఉంటే ఆ కంపెనీనే జీతమెంతో రాసియ్యాలంట. రూలు అట్ల ఉండాదంట. గడువులోపల తేకుంటే పేరు కొట్టేస్తారంట. పేరు కొట్టేస్తే హాస్టల్లో ఉండనీరు. నీకు కష్టమైతే వద్దులే అబ్బా. కుదిరితేనే..."

అక్కడ ఆ గొంతు ఆగింది. వెనకనుంచి గుల్జార్ బేగం గొంతు సన్నగా వినబడింది. "అడుగే, చేత్తో తింటాండాడా, ఇంకా ఆ చెంచాతోనేనా, అడుగు." అంతే, క్యాసెట్టు గరగరమంది.

జీతమెంతో రాసియ్యడం. అదెంత పని? మనిషికి ఎంత ఇస్తున్నారో అంత రాసి సంతకం పెట్టడం. బుడేన్ సాహెబ్ అలాగే అనుకున్నాడు. ఆయన చేతికి వచ్చేది నాలుగు వందల దిర్హాములు. ఊళ్ళో రూపాయల్లోకి మార్చినా స్కాలర్‌షిప్పుకు పెట్టిన ఆదాయం గీతకు కిందనే ఉంటుంది, కడపలో సారు లెక్క వేసి చెప్పాడట. నిజం రాస్తే చాలు, పిల్ల చదువు నిలుస్తుంది. అబద్ధం రాయమని అడిగినవాడికి భయం ఉండాలి గానీ, నిజం రాయమని అడిగేవాడికి ఏం భయం? పిచ్చి మనిషి.

ఆ గురువారం మొదటి గుంత అయ్యాక రాజలింగం ట్యాంకర్‌ను నేరుగా ఆఫీసు దగ్గర ఆపాడు. క్యాబిన్‌లో సీటు వెనక కొక్కేనికి ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది. రంజానుకు కుట్టించుకున్నది, ముందురోజు మలబారీ ఇస్త్రీ కొట్టువాడి చేత మడత నలగకుండా ఇస్త్రీ చేయించినది. జేబులో అత్తరు దూది. ఆ దూదిని బుడేన్ సాహెబ్ తానే గింజ లేకుండా, నలక లేకుండా విడదీసి, అత్తరులో ముంచి, చెవి సందున పెట్టుకునే ఉండలా చుట్టాడు. ముదీర్, అంటే మేనేజరు, ముందుకు పిలిస్తే తొడుక్కోవాలని తెచ్చాడు. గుమస్తా కిటికీ దాకా పోవడానికి మురికి బట్టలు చాలు.

"తొడుక్కోవే చాచా. తెల్లగ కనవడితె జెర మర్యాద ఇస్తరు," అన్నాడు రాజలింగం. ఆయనది ఆర్మూరు దగ్గర పల్లె. ఈయన కంటే పదేళ్ళు చిన్న.

"స్నానం లేకుండా తొడిగితే ఆ చొక్కా కూడా చెడిపోతాది రాజలింగా. ఉండనీ."

ఆఫీసంటే ఇసుకలో నిలబెట్టిన రేకు గది, దానికి ఏసీ. గుమస్తా సనావుల్లాది నెల్లూరు. బీకాం చదివాడు, మూడు భాషల్లో టైపు కొడతాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు గదా, మన భాషవాడే ఆఫీసులో ఉన్నాడని బుడేన్ సాహెబ్ మొదట్లో చాలా ధైర్యంగా ఉండేవాడు. సనావుల్లా కిటికీ అద్దాన్ని బెత్తెడు జరిపి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కంపు కంపే. కానీ ఆ రుమాలు వెనకనుంచి వచ్చిన మాటలకు ఏ రుమాలు అడ్డం పెట్టాలి?

"ఏంది బుడేన్ బాయ్, మళ్ళా వచ్చినావా?"

"ఆ కాగితం సాబ్. రేపు మా ఊరాయన బడే సాహెబ్ సెలవు మీద ఊరికి పోతాండాడు. ఆయప్ప చేతికిస్తే గడువులోపల అందుతాది."

"చెప్పినా గదయ్యా. నాలుగొందలు అని రాయలేను. లేబర్ ఆఫీసులో నీ కాంట్రాక్టు ఉండాది. దాంట్లో పన్నెండొందలు. నాలుగొందలే ఇస్తన్నామని మా చేత్తో మేమే రాసిస్తే రేపు అది ముదీర్ మెడకు చుట్టుకుంటది."

"ఆ కాగితం కడపకు పోతాది సాబ్. ఆడ నుంచి ఈడికొచ్చి ఎవురు చూస్తారు?"

"కాగితానికి కాళ్ళుంటాయబ్బా. నీకు తెలీదు. పన్నెండొందలని కావాలంటే చెప్పు, ఇప్పుడే కొట్టిస్తా. ముదీర్ కళ్ళు మూసుకోని సంతకం పెడతాడు."

"పన్నెండొందలైతే నా కూతురు షావుకారు బిడ్డయిపోతాది సాబ్. పేరు కొట్టేస్తారు." ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, అవి కిటికీకి తగలకుండా. "ఇచ్చేది ఇచ్చినట్టు రాయండి. ఇయ్యనిది రాయమని నేను అడగలేదు గదా."

"రూలు అట్టా ఉండదు బుడేన్ బాయ్."

ఎట్లా ఉంటుంది మరి రూలు? ఈ దేశపు చట్టం కూలివాడికి ఇంత జీతం ఉండాలని కాగితం అడిగింది, కంపెనీ ఆ కాగితం ఇచ్చి, జీతం మాత్రం ఇవ్వలేదు. ఆ దేశపు రూలు బీదపిల్లకు సాయం చేస్తానంది, కానీ బీదరికాన్ని కంటితో చూడనంది, కాగితంలో చూపించమంది. రెండు రూళ్ళనూ రాసినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కూలివాడి మేలు కోరి ఒకరు, పేదపిల్ల మేలు కోరి ఇంకొకరు రాసే ఉంటారు. ఆ రెండు మంచితనాల మధ్య ఒక మనిషి అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతుంటే, ఎవడి రూలు ప్రకారం వాడు సరిగ్గానే ఉన్నాడు. రూలు పుస్తకానికి కళ్ళు లేకపోతే పోయె, ముక్కైనా ఉండాల్సింది.

సనావుల్లాకు కాస్త సరదా పుట్టినట్టుంది.

"ఇంకో దారుండాదిలే. తండ్రి లేని పిల్లలను ఈ కాగితాలేవీ అడగరు మన దేశంలో. మా వీధిలో ఒకామెకు అట్టే వచ్చింది, మారుమాట లేకుండా. నువ్వు బతికుండటమే ఆ పిల్లకు అడ్డం చూడు," అని నవ్వాడు.

బుడేన్ సాహెబ్ కూడా నవ్వాడు. పెద్దమనిషి పరాచికమాడితే నవ్వాలి. కాగితం ఆయన చేతిలో ఉన్నప్పుడు ఇంకాస్త గట్టిగా నవ్వాలి. పన్ను సందులోంచి గాలి పోయే ఆ నవ్వు చూసి సనావుల్లాకు ఏమనిపించిందో, గొంతు తగ్గించాడు.

"సరే. ముదీర్ ఒప్పుకుంటే నాకేం పోయింది. ఒంటిగంటకు ఆయన వెళ్ళిపోతాడు, మళ్ళీ శనివారమే. అంతలోపల వచ్చి నువ్వే అడుక్కో, నేను పక్కన నిలబడి చెప్తా. ఈరోజు నీ వంతు గుంతలు అన్నీ కానిచ్చి రా, పని వదిలి వచ్చాడని సూపర్‌వైజరు మోస్తే మొదటికే మోసం. స్నానం చేసి రా. ఆ వాసనతో లోపలికి రానీడు."

కిటికీ మూసుకుంది. బుడేన్ సాహెబ్ దాదాపు పరుగెత్తుకుంటూ ట్యాంకర్ ఎక్కాడు.

"ఏమన్నడు?"

"రమ్మన్నాడు. ముదీర్ కాడికే రమ్మన్నాడు. ఇంకా రెండు గుంతలుండాయి రాజలింగా, బిరబిరా కానిద్దాం."

"గా సనావుల్లా నిన్ను ఆగం జేస్తుండు చాచా. నీ జీతం నీకు రాసిచ్చుటానికి వాని అయ్య సొమ్మేమన్న పోతదా?" రాజలింగం గేరు మార్చి కిటికీలోంచి ఉమ్మాడు. "నాకైతె ఆ మొఖం జూస్తేనే కక్కు వస్తది."

"ఛ, అట్ల అనొద్దు. ఆయప్ప పక్కన నిలబడి చెప్తానన్నాడు."

రెండో గుంత నల్లేరు మీద బండిలా సాగింది. మూడోది ఒక దుకాణాల వరస వెనకాల. హోటలు, మంగలిషాపు, కోడిమాంసం కొట్టు, అన్నింటిదీ ఒకటే గుంత. నెత్తురు, ఈకలు, వెంట్రుకలు, మిగిలిన అన్నం, పైన చెప్పనవసరం లేనిది. జూన్ ఎండకు మూత చుట్టూ నురగ కట్టి బుడగలు లేస్తున్నాయి. హోటలు వెనక తలుపులోంచి ఒకడు తొంగిచూసి, లేటుగా వచ్చారని తిట్టి, తలుపు వేసుకున్నాడు. తాను వండి పెట్టిందే అది.

ఇలాంటి గుంతల దగ్గర బుడేన్ సాహెబ్‌కు సొంత పద్ధతి ఒకటి ఉంది. మూత తీశాక వెంటనే తల వంచడు. ఇద్దరూ ట్యాంకర్ నీడన కూర్చుని, ఫ్లాస్కులోంచి పాలు లేని సులేమానీ చాయ్ పోసుకుని, నిదానంగా, ఊదుకుంటూ తాగుతారు. లోపలి విషగాలి పోయేదాకా 'గుంతను ఊపిరి తీసుకోనియ్యాల' అనేవాడు. అది తాగడం అయ్యాక నడుముకు తాడు కట్టుకుని, కొస రాజలింగం చేతికిచ్చి, అవసరమైతే దిగేవాడు. ఈ పద్ధతి ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. వచ్చిన కొత్తలో ఒక పఠాన్ పైపువాడు నేర్పాడు. రాయని రూలు అది. ఇన్నేళ్ళూ ప్రాణం కాపాడింది అదే.

పైపు దించారు. మోటారు పట్టింది, పట్టినట్టే పట్టి ఆగిపోయింది. బుడేన్ సాహెబ్ పైపును పైకి లాగి చూశాడు. మూతి శుభ్రంగా ఉంది. అడ్డం పడింది కింద, గుంత అడుగున, జాలీ దగ్గర. వెంట్రుకలూ ఈకలూ ఉండకట్టి ఉంటాయి. దిగి తీయాలి.

ఆయన తలెత్తి ఎండవైపు చూశాడు. ఇది కావాలి, ట్యాంకర్ ఖాళీ చేయాలి, క్యాంపుకు పోయి స్నానం చేయాలి. ఈ ఒంటికి స్నానమంటే నాలుగు చెంబులు గుమ్మరించుకోవడం కాదు. గోళ్ళలో పుల్ల పెట్టి తీసుకోవాలి, గడ్డం రుద్దుకోవాలి. ఆపైన చొక్కా తొడుక్కుని, చెవిలో దూది పెట్టుకుని, ముదీర్ ముందు నిలబడాలి. నిలబడి ఏం చెప్పాలో పొద్దుటినుంచీ హిందీలో మనసులో వల్లె వేసుకుంటున్నాడు. సాబ్, మేరీ బేటీ.

"ఆగు చాచా, చాయ్ పోస్తున్న," అంటూ రాజలింగం క్యాబిన్‌లోకి వంగాడు.

"చాయ్ వద్దులే రాజలింగా. ఆలీస్యమైతాది. శనివారం తాగుదాం."

"అయ్యో, గంత తొందరేందే, ఒక్క గిలాస..."

రాజలింగం ఫ్లాస్కు మూత తిప్పాడు. ఎలాగూ పోస్తే తాగుతాడులే అని రెండు గ్లాసుల్లోనూ పోశాడు. తనదాంట్లో చక్కెర వేసుకుని కలిపాడు. ఆ రెండు గ్లాసులూ పట్టుకుని ఇవతలికి వచ్చి చూస్తే, గుంత పక్కన తాడు చుట్ట చుట్టినట్టే ఉంది. పైపు గుంతలోకి వేలాడుతోంది. మోటారు వేయమని చెప్పే ఆ చెయ్యి పైకి లేస్తుందని రాజలింగం కాసేపు ఎదురుచూశాడు.

చెయ్యి లేవలేదు.

కేకలు విని దుకాణాలవాళ్ళు వచ్చారు. గుంతలోకి ఉరకబోయిన రాజలింగాన్ని ఇద్దరు నడుము పట్టి ఆపారు. మాంసం కొట్టు కొక్కెంతో, తాడుతో పైకి లాగేసరికి బుడేన్ సాహెబ్ నిద్రపోతున్న మనిషిలాగే ఉన్నాడు, ఒళ్ళంతా ఆ గుంత అయినా. గుప్పిట్లో వెంట్రుకల ఉండ ఉంది. పని పూర్తిచేశాడన్నమాట. ఇంతకు ముందు తిట్టినవాడు హోటలు ముందు తలుపు కూడా మూసేశాడు, గిరాకీలు చూస్తారని.

అల్ కుసైస్ శ్మశానంలోనే మట్టి ఇచ్చారు. శవాన్ని ఊరికి పంపడం ఖర్చు అని కంపెనీ అంది. ఊరికి ట్రంకాల్ చేసి, గుల్జార్ బేగం చేత సరే అనిపించారు. ఆమె ఏమందో, ఏమనలేకపోయిందో ఎవరు విన్నారు? మసీదువాళ్ళు కర్పూరం నీళ్ళతో, సబ్బుతో, గడ్డం విడదీసి, గోళ్ళు శుభ్రం చేసి స్నానం చేయించారు. ఆఫీసువాళ్ళు కోరుకున్నంత శుభ్రంగా చేయించారు. రాజలింగం ఒక పక్కన నిలబడి, అందరూ వేశాక తనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు.

శనివారం పొద్దున రాజలింగాన్ని ఆఫీసులోపలికి పిలిచారు. అన్నేళ్ళలో కిటికీ దాటి లోపలికి రావడం అదే మొదలు. ఏసీ చల్లదనానికి ఒళ్ళు జలదరించింది. సనావుల్లా మిషను మీద ఒక కాగితం టకటకా కొడుతున్నాడు. రుమాలు జేబులోనే ఉంది.

"సాక్షి సంతకం కావాల రాజలింగం. నష్టపరిహారం కాగితాలు. బుడేన్ బాయ్ జీతం నెలకు నాలుగొందలే గదా? ప్రతినెలా నీ ముందరే తీసుకుని వేలిముద్ర వేసేవాడు గదా?"

రాజలింగం బల్ల మీద తన ముందు పెట్టిన కాగితాన్ని చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ అంకెలు వచ్చు. నాలుగు, సున్నా, సున్నా. పక్కనే దాన్ని మాటల్లో కూడా కొట్టారు. కింద కంపెనీ ముద్ర, నీలం రంగులో, అలుక్కోకుండా, ముచ్చటగా పడింది. దాని మీద ముదీర్ సంతకం. తడి ఇంకా ఆరలేదు.

"మొన్న గిదే కాగితం అడిగిండు సాబ్," అన్నాడు రాజలింగం. "గీ కాగితం కొరకే సచ్చిండు."

సనావుల్లా మిషను మీంచి చేతులు తీశాడు. మొహం పాలిపోయింది. కానీ చదువుకున్నవాడు గదా, తొందరగానే తేరుకున్నాడు.

"నేనేం చేసేది చెప్పు? చచ్చిపోయినవాడికి ఇచ్చేది జీతాన్ని బట్టి కడతారు. పన్నెండొందల లెక్కన కట్టమంటే ముదీర్ కడతాడా? బతికున్నప్పుడు కాంట్రాక్టు లెక్క, పోయినాక వేలిముద్ర లెక్క. నేను పెట్టింది కాదు ఈ రూలు." తర్వాత ఓదారుస్తున్నట్టు అన్నాడు. "ఆ పిల్లకు ఇంక ఇబ్బంది లేదులే. తండ్రి లేని పిల్లను ఏ కాగితమూ అడగరు."

రాజలింగానికి నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరినట్టు. ఏడేళ్ళు మలం మోసే బండి నడిపినవాడు, ఏ గుంత దగ్గరా కక్కుకోనివాడు, ఆ చల్లటి గదిలో గోడ పట్టుకున్నాడు.

"నేను వెయ్య," అన్నాడు.

"వెయ్యకుంటే ఆ నాలుగొందల లెక్కదీ రాదు ఇంటిదానికి. నెలలు పడతది. ఆలోచించుకో."

అదీ నిజమే. అక్కడ చెప్పేవన్నీ నిజాలే. రాజలింగం సంతకం పెట్టాడు. పెట్టి బయటికి వచ్చి, ఆఫీసు మెట్టు మీదే వాంతి చేసుకున్నాడు. తుడవమని లోపలినుంచి ఎవరో అరిచారు. తుడవలేదు. గుంతలు ఆగవు గదా, ట్యాంకర్ ఎక్కి పోయాడు.

రెండు నెలలకు బడే సాహెబ్ ఊరినుంచి తిరిగివచ్చి కబురు చెప్పాడు. మహబూబున్నీసాకు స్కాలర్‌షిప్పు వచ్చింది. కడప ఆఫీసులో సారు ఆ పిల్ల పేరు ఎదురుగా తండ్రి లేడని రాసుకుని, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ సంతకం తీసుకున్నాడట. ఈసారి ఆకాశరామన్న ఏమీ రాయలేదట. హాస్టల్లో ఆ పిల్ల చేత్తో అన్నం తినడం మానేసిందని, చెంచాతో తింటోందని, ఎందుకే అంటే చెప్పదని గుల్జార్ బేగం బాధపడుతోందట.

కొత్తగా వచ్చిన పైపువాడు క్యాబిన్‌లో ఎక్కిన మొదటిరోజే సీటు వెనకకు చూసి, ఇదెవరిది, తీసి పారేయనా అన్నాడు. రాజలింగం గేరు వేశాడు. ట్యాంకర్ గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆ తెల్ల చొక్కా కొక్కేనికి ఊగుతోంది, కాలరు మీద సన్నటి ఇసుక, ఇస్త్రీ మడతలు నలగకుండా, జేబులో అత్తరు వాసన ఇంకా పోని గింజలేని దూది.